మిద్దె మీది టవరు

గత సంచికలో నామినేషన్ రాయని ఖాతాల గురించి రాశాను. దానికి జవాబుగా హోసపేట నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. "బ్యాంకు సంగతులు అలా ఉంచండి. మా ఎదురింటి మిద్దె మీద సెల్ టవరు వేస్తున్నారు. మాది పసిపిల్లలున్న ఇల్లు. భయపడాలా, అక్కర్లేదా? కాస్త తెలుసుకుని రాయండి" అని. నేను బి.కాం. చదివి బ్యాంకులో చేరినవాణ్ణి. జమాఖర్చులు అడిగితే చెప్పగలను గానీ తరంగాల సంగతి నాకేం తెలుసు? అయితే ఆ ఉత్తరం నాకు పంపుతూ సంపాదకులు అడుగున ఒక వాక్యం చేర్చారు: "మీ మిద్దె మీద కూడా ఉంది కదా!"

ఉంది. అందుకే ఈ నెల బ్యాంకును పక్కన పెట్టి ఇంటి సంగతి రాస్తున్నాను.

2008లో ఒక కంపెనీవాళ్లు వచ్చి మా మిద్దె అడిగారు. నెలకు 8,000 రూపాయలు. పెద్దవాడి కాలేజీ ఫీజులు నెత్తిమీదకొచ్చిన రోజులు. పదిహేనేళ్లకు ఒప్పందం రాసి సంతకం పెట్టాను. 2011లో మా బావ పోయాక అక్క ఆదోని నుంచి మా ఇంటికొచ్చింది. మా ఇంటి కథలో సరిహద్దు లేకుండా ఉండదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు పాత బళ్లారి జిల్లాలోంచి ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు అటు పోయాయి, మేం ఇటు మిగిలాం. తర్వాత అక్కను ఆదోనికి, చెల్లెలిని రాయదుర్గానికి ఇచ్చారు. మాకు అది పరాయి రాష్ట్రం అని ఎప్పుడూ అనిపించలేదు, బస్సు టికెట్టు కొనేటప్పుడు తప్ప.

అక్కకు మిద్దె కిందనే ఉన్న పై గది ఇచ్చాం. గాలి వస్తుందని తనే కోరుకుంది. 2019లో రొమ్ములో గడ్డ కనబడింది. ఆపరేషన్ అయింది, మందులయ్యాయి, ఆ తర్వాత రేడియేషన్ అన్నారు. బెంగుళూరులో ఒక గది అద్దెకు తీసుకుని నేను సెలవు పెట్టి వెంట ఉన్నాను. వారానికి అయిదు రోజులు, మొత్తం 25 సిట్టింగులు. తొమ్మిదో సిట్టింగో పదో సిట్టింగో అయిన రాత్రి, దీపం ఆర్పేశాక, అక్క అడిగింది.

"ఒరేయ్, ఆ టవరు కింద ఎనిమిదేళ్లు పడుకున్నా కదా. దాని వల్లేమైనా వచ్చిందంటావా?"

"నిద్రపో అక్కా" అన్నాను. తను నిద్రపోయింది. నేను పోలేదు. బ్యాంకు బుర్ర కదా, లెక్క వేసింది. నెలకు 8,000, ఏడాదికి 96,000, ఎనిమిదేళ్లకు 7,68,000. ఏటా పెంపు కలపకుండానే. ఈ డబ్బు తీసుకుని నేను మా అక్కకు ఏం చేశాను?

మర్నాడు ఆసుపత్రిలో రేడియేషన్ లెక్కలు చూసే అమ్మాయిని పట్టుకున్నాను. వైద్య భౌతికశాస్త్రం చదివిన పిల్ల, చిత్తూరు వైపు తెలుగు. భోజనం డబ్బా మూసేసి అరగంట ఓపికగా చెప్పింది. తర్వాత నేను చదువుకున్నది కూడా కలిపి, నా మాటల్లో చెబుతాను.

అసలు ఈ తరంగాలతో నా పరిచయం సెల్ టవరుతో మొదలు కాలేదు. మా నాయన రేడియోతో మొదలయింది. చిన్నప్పుడు బళ్లారిలో పగలంతా ధార్వాడ, బెంగళూరు కేంద్రాలు కన్నడంలో పలికేవి. తెలుగు కావాలంటే రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న కడప కేంద్రం కోసం ముల్లు తిప్పుతూ కూర్చోవాలి. పొద్దు గుంకితే మటుకు ఇంకో వింత. నాలుగు వందల కిలోమీటర్ల అవతలి విజయవాడ కేంద్రం గొంతు సవరించుకుని మా పడసాలలోకి వచ్చేది. "రాత్రయితే విజయవాడ మన వీధికొస్తుందిరా" అనేవాడు నాయన. ఎందుకొస్తుందో ఆయనకు తెలియదు, నాకూ తెలియదు. ఇప్పుడు తెలిసింది. పైన అరవై, తొంభై కిలోమీటర్ల మధ్య ఎండకు ఏర్పడే ఒక పొర పగలంతా మీడియం వేవ్ తరంగాలను మింగేస్తుంది. పొద్దు పోగానే ఆ పొర చెదిరిపోతుంది. అప్పుడు తరంగాలు ఇంకా పైకి వెళ్లి, అక్కడి మరో పొరకు తగిలి, వంగి, దూరాన ఎక్కడో నేలకు దిగుతాయి. ఆ దిగే చోట్లలో మా పడసాల ఒకటి. వానాకాలం రేడియోలో చిటపట మనేది కూడా తరంగమే. అది మెరుపు పంపిన ప్రసారం!

విజయవాడ కేంద్రం 837 కిలోహెర్ట్జ్‌లో పలికేది. అంటే ఆ తరంగం సెకనుకు 8,37,000 సార్లు ఊగుతుంది. ఒక ఊగుకూ మరో ఊగుకూ మధ్య దూరం సుమారు 358 మీటర్లు. మా వీధి మొదలు నుంచి చివరిదాకా ఒక్క తరంగం సరిపోదన్నమాట. ఈ ఊగడం పెరిగే కొద్దీ పొడవు తగ్గుతుంది. 900 మెగాహెర్ట్జ్ సెల్ ఫోను తరంగం మూరెడు కన్నా తక్కువ. మైక్రోవేవ్ పొయ్యిలోది 12 సెంటీమీటర్లు. ఏప్రిల్‌లో రాత్రి పదింటికి కూడా మా ఊళ్లో పైకప్పు నుంచి మంచం మీదికి దిగే సెగ ఉందే, అది పరారుణ తరంగం. ఇంకా పొట్టిదయితే కంటికి కనిపించే వెలుగు. ఆ పైన అతినీలలోహితం, ఆ పైన ఎక్స్-రే. అన్నీ ఒకే ఇంటి పిల్లలు. అన్నిటి వేగం ఒకటే, శూన్యంలో సెకనుకు దాదాపు 3 లక్షల కిలోమీటర్లు. వెలుగు కూడా ఇలాంటి విద్యుదయస్కాంత తరంగమేనని 1865లో మ్యాక్స్‌వెల్ కాగితం మీద లెక్క కట్టి చూపాడు. 1887, 88లలో హెర్ట్జ్ తన గదిలో అలాంటి తరంగాలను పుట్టించి చూపించాడు. పాపం ఆయన 36 ఏళ్లకే పోయాడు, రేడియో చూడకుండానే.

ఆ అమ్మాయి ఇదంతా చెబుతుంటే, నా ఉద్యోగమంతా వీటి మధ్యనే గడిచిందని అప్పుడు తట్టింది. సిరుగుప్ప వైపు మన తెలుగు రైతుల క్యాంపులకు దగ్గర్లోని ఒక శాఖలో చేశాను. తుంగభద్ర కాలువ కింద వరి వేసుకోవడానికి కోస్తా జిల్లాల నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు. మా శాఖ మిద్దె మీద వీశాట్ గొడుగు ఉండేది. 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహంతో దానికి మాటలు. గట్టి వాన పట్టుకుంటే లింకు పోయేది. రెండు, రెండున్నర సెంటీమీటర్ల ఆ తరంగాలను వానచినుకులు మింగి చెదరగొడతాయి. వడ్లమ్మిన డబ్బు కోసం వచ్చిన రైతు "సార్, వాన పడిందని మేము సంతోషపడాల్నా, ఏడవాల్నా?" అని అడిగాడు ఒకసారి. కౌంటరు మీది ఊదారంగు దీపం సరే సరి. అతినీలలోహిత కాంతి కింద అసలు నోటు మీది నంబరు, కాగితంలోని సన్నటి పోగులు మెరుస్తాయి. నకిలీలో సాధారణంగా ఆ పోగులుండవు, లేదా కాగితమంతా తెల్లగా వెలిగిపోతుంది. 2016 నవంబరు 8 తర్వాత వారాల్లో ఆ దీపం కింద ఎన్ని వేల నోట్లు పెట్టి ఉంటానో. అన్నట్టు, రాంట్‌జెన్ ఎక్స్-రేలు కనిపెట్టింది కూడా నవంబరు 8నే, 1895లో. బ్యాంకువాళ్లకు తప్ప ఈ పోలిక ఇంకెవరికీ తట్టదేమో!

ఇక అసలు సంగతి. ఒకే ఇంటి పిల్లలైతే ఒకటి మా అక్కకు ప్రాణం పోస్తూ, ఇంకొకటి ప్రాణం తీసిందా?

ఈ తరంగాలు శక్తిని ధారగా పోయవు, పొట్లాలుగా మోసుకొస్తాయి. 1905లో ఐన్‌స్టీన్ చెప్పిన మాట ఇది. ఊగడం ఎంత ఎక్కువైతే పొట్లం అంత బరువు. మామిడిచెట్టు కింద నిలబడి బియ్యపు గింజలు విసరండి. వీధిలోని పిల్లలందరినీ పిలిచి బస్తా బియ్యం విసిరించండి. కాయ రాలదు. ఒక్క గులకరాయి తగిలితే రాలుతుంది. మన శరీరంలో కణం లోపల ఉన్న అణువు నుంచి ఒక ఎలక్ట్రాన్‌ను ఊడగొట్టాలంటే గులకరాయి కావాలి. ఎక్స్-రే పొట్లం గులకరాయి. 900 మెగాహెర్ట్జ్ పొట్లం మోసేది ఆ పనికి కావలసిన శక్తిలో 20 లక్షల వంతు కూడా ఉండదు. బియ్యపు గింజ అనడం కూడా దాన్ని గొప్ప చేసినట్టే. మరీ ఎక్కువ విసిరితే కాయ వెచ్చబడుతుంది. మైక్రోవేవ్ పొయ్యి చేసేది అదే. మూసిన ఇనప పెట్టెలో వందల వాట్లు పెట్టి వేడి చేస్తుంది. అందుకే టవర్లకు పెట్టిన పరిమితులకు ఆధారం ఆ వేడే. మన దేశంలో 2012 సెప్టెంబరు 1 నుంచి అంతర్జాతీయ పరిమితిని కూడా పదో వంతుకు కోసేశారు. 900 మెగాహెర్ట్జ్‌కు చదరపు మీటరుకు 0.45 వాట్లు. మా బళ్లారి మిట్టమధ్యాహ్నపు ఎండ చదరపు మీటరుకు వెయ్యి వాట్ల దరిదాపుల్లో పడుతుంది. పైగా ఆ ఎండలో అతినీలలోహితం కూడా ఉంది. చర్మాన్ని, కంటిని నిజంగా పాడు చేసేది అది. టవరు చూసి కిటికీ మూసుకునే మనం, పిల్లల్ని మే నెలలో పన్నెండింటికి టోపీ లేకుండా క్రికెట్‌కు పంపుతాం. వెల్డింగు షాపు ముందు నిలబడి ఆ నీలి మంటను తమాషాగా చూస్తాం.

"మరి మా అక్క సరిగ్గా దాని కిందే కదమ్మా పడుకుంది?" అన్నాను. "దీపం కింద చీకటి సార్" అందా అమ్మాయి. ఆ పెట్టెలు వెలుగును నేరుగా ముందుకు, కొద్దిగా కిందికి వంచి, దూరాలకు పంపుతాయట, ఓడరేవు దీపస్తంభంలా. వాటి అడుగున ఉన్న గదికి దక్కేది చిల్లర. ఒక్కో పెట్టె పంపేది మాత్రం ఎంత? కొన్ని పదుల వాట్లు, దగ్గర దగ్గర ఒక ట్యూబులైటంత. చెవికి ఆనించుకున్న ఫోను మనకు అంతకన్నా దగ్గరి చుట్టం. టవరు దూరమయ్యే కొద్దీ ఫోను గట్టిగా అరవాలి, అంటే తన శక్తి పెంచుకోవాలి. సిగ్నలు సరిగా లేని చోట గంటలకొద్దీ మాట్లాడవలసి వస్తే చెవికి తీగ పెట్టుకోమంది. అంతకు మించి జాగ్రత్త చెప్పలేదు.

నేను ఒప్పుకోవాలని వినలేదు. ఆడిట్ చేసే మనిషిని, ఎదుటి పక్షం వోచర్లు కూడా చూడాలి. 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ఈ రేడియో తరంగాలను "క్యాన్సర్ కలిగించే అవకాశం ఉండవచ్చు" అనే వర్గంలో, అంటే 2బి లో పెట్టింది. భయపెట్టే వ్యాసాలన్నిటికీ మూలం ఇదే. అది అబద్ధం కాదు. కానీ ఆ వర్గానికి అర్థం "ఆధారం కొద్దిగా ఉంది, తేల్చడానికి చాలదు" అని. ఆసియాలో సంప్రదాయంగా ఊరవేసే కూరగాయలు కూడా అదే జాబితాలో ఉన్నాయి (ఆవకాయ జాడీ వైపు అనుమానంగా చూడకండి). ఆ తర్వాత 2024లో, ప్రపంచ ఆరోగ్య సంస్థ కోరగా చేసిన ఒక పెద్ద పరిశీలన వచ్చింది. 63 అధ్యయనాలను కలిపి చూశారు. ఫోను వాడకానికీ మెదడు క్యాన్సరుకూ సంబంధం కనబడలేదన్నారు. సున్నా అని ఎవరూ సంతకం పెట్టరు. బ్యాంకులో కూడా మేము పెట్టం. కానీ నిలవ ఎటు మొగ్గిందో తెలుస్తోంది.

బళ్లారికి తిరిగొచ్చాక టెలికాం శాఖవాళ్ల తరంగ్ సంచార్ పోర్టల్‌లో దరఖాస్తు పెట్టాను. అప్పట్లో ఫీజు 4,000 రూపాయలు. మీటరు పట్టుకుని వచ్చారు. అక్క గదిలో, మంచం మీద, మిద్దె మీద, వీధి చివర కొలిపించాను. అన్నీ పరిమితికి చాలా తక్కువ. అన్నిట్లోకీ తక్కువ అంకె అక్క మంచం మీదిదే. ఆ కాగితం ఇప్పటికీ ఇంటి పత్రాలతో పాటు ఉంది.

కానీ ఇంకో కాగితం ఉంది. అది నన్ను ఎక్కువ కలవరపెట్టింది. బెంగుళూరులో డాక్టరు మొదటి రోజే అడిగి రాసుకున్నది: ఇంట్లో ఇంకెవరికైనా ఈ జబ్బు వచ్చిందా? "లేదు" అన్నాను గట్టిగా. అక్క పక్కనుంచి నెమ్మదిగా "మన పెద్దమ్మ" అంది. మా అమ్మకు అక్క, నా చిన్నప్పుడే పోయింది. ఏదో కడుపునొప్పి అని మాకు చెప్పారు. రొమ్ములో గడ్డ అని ఆడవాళ్లకు తెలుసు. మగవాళ్లకు, పిల్లలకు చెప్పలేదు, సిగ్గనుకున్నారు. అక్క జబ్బుకు అదే కారణమని డాక్టరు అనలేదు. వయసు, వంశం, ఇంకా ఎన్నో కలుస్తాయట. ఒక మనిషికి ఫలానా దాని వల్లే వచ్చిందని తేల్చలేమన్నారు. అయినా చూడండి, మిద్దె మీద అందరికీ కనిపించే ఇనప స్తంభాన్ని మా వీధంతా అనుమానించింది. ఇంట్లోనే ఉన్న పద్దు ఒకటి నలభై ఏళ్లుగా ఎవరూ తెరవలేదు.

అక్కకు ఇదంతా చెప్పాను. బియ్యపు గింజలు, దీపం కింద చీకటి, అన్నీ. విని "సరేలే, నువ్వు నిద్ర మానుకుని చదివినావని నాకు అప్పుడే తెలుసు" అంది. కాసేపాగి, "అద్దె పెంచమని అడిగినావా?" అంది. 2023లో ఒప్పందం గడువు తీరితే అక్కను అడిగే పొడిగించాను. పెంచమనే అడిగాను.

తనకు జరిగిన వైద్యం గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఆ గదిలోకి వెళ్లి పడుకుంటే ఏమీ తెలిసేది కాదట. నొప్పి లేదు, వేడి లేదు, ఒక ఝుమ్మనే చప్పుడు, రెండు మూడు నిమిషాలు. రోజుకు 2 గ్రేలు, 25 రోజులకు 50. మామూలు ఛాతీ ఎక్స్-రేతో పోలిస్తే లక్షల రెట్లు, కానీ ఆ ఒక్క చోటికే గురిపెట్టి. గులకరాళ్లు కణాల లోపలి పోగుల్ని తెంపుతాయి. మంచి కణాలు మర్నాటికి చాలావరకు అతుక్కుంటాయి, జబ్బు కణాలకు ఆ నేర్పు తక్కువ. అందుకే ఒక్కసారిగా ఇవ్వకుండా వాయిదాల మీద ఇస్తారు. ఈ వాయిదాల పద్ధతి వినగానే నాకు మొదటిసారి ఆ యంత్రం మీద నమ్మకం కలిగింది! చర్మం నల్లబడింది, ఒక నెల మంట. ఆరేళ్లయింది. ఇప్పుడు పొద్దున్నే ఉగ్గాణి తనే కలుపుతోంది, మా ఆవిడను పొయ్యి దగ్గరికి రానివ్వదు.

హోసపేట సోదరికి నా జవాబు. అమ్మా, టవరు వేశాక కొలిపించండి. కొలిచేవాళ్లు వచ్చినప్పుడు మీరూ పక్కన నిలబడి అంకె రాయించుకోండి. పెట్టెలు మీ కిటికీకి ఎదురుగా, అదే ఎత్తులో, బాగా దగ్గరగా ఉంటే అభ్యంతరం రాసివ్వండి, అది న్యాయమే. నన్నడిగితే తరంగాల కన్నా ముందు ఆ ఇంటి గోడలు అంత బరువు మోయగలవా, ఇంజనీరు కాగితం ఉందా అని అడగండి. జనరేటరు చప్పుడు, పొగ ఎటు వస్తాయో కూడా చూసుకోండి. మా ఇంట్లో పగిలింది పైకప్పే మరి, వాన కారుతుంటే మా సొంత డబ్బుతో పూడ్చుకున్నాం.

ఇక రాయదుర్గంలో ఉన్న మా చెల్లెలి సంగతి. యాభై దాటింది. పెద్దమ్మ, అక్క సంగతి తెలిశాక మామోగ్రామ్ తీయించుకోమని డాక్టరు గట్టిగా చెప్పారు. అది కూడా ఎక్స్-రేనే. మూడేళ్లు ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంది. చివరికి అసలు మాట బయటపడింది: "ఆ ఎక్స్-రేతోనే జబ్బు వస్తుందంట కదన్నా?" పైసా చిల్లర లెక్క నేను చెప్పాను. అందులో తగిలేది, ఏ పరీక్షా చేయించుకోకపోయినా నేల నుంచీ ఆకాశం నుంచీ మనందరికీ కొద్ది వారాల్లో తగిలేంత. అవసరం లేకుండా స్కానింగు మీద స్కానింగు తీయించుకోవడం వేరు, డాక్టరు చెప్పింది తప్పించుకోవడం వేరు అన్నాను. వినలేదు. తమ్ముడి మాటనో అన్న మాటనో ఎప్పుడు విన్నారు గనక.

అక్క మిద్దె ఎక్కి, టవరు నీడలో కూర్చుని ఫోను చేసింది. "నేను 25 రోజులు పడుకున్నానే దాని కింద. నువ్వు రెండు నిమిషాలు నిలబడితే చాలు. రేపు మీ అన్న వస్తాడు, వాడితో పో."

వెళ్లాం. రెండు రోజుల తర్వాత రిపోర్టు వచ్చింది. ఏమీ లేదు, రెండేళ్లకు మళ్లీ రమ్మన్నారు. బస్టాండులో చెల్లెలు ఫోను తీసి అక్కకు చేయబోయింది. "ముందు పెద్దదానికి చెప్పాలి, లేకపోతే ఊరుకోదు" అంటూ సిగ్నలు కోసం అటూ ఇటూ తిరుగుతోంది.